సాంఘిక బహిష్కారము

సాంఘిక బహిష్కారమనగా ఒక వర్గమువారికి కూలిపనిని, కౌలుభూమిని, అంగడి సరకును నిరాకరించి గ్రామజీవనమునుండి వెలివేయుట. భీమడోలు, తాడేపల్లిగూడెము ప్రాంతపు పల్లెలలో, చేనిపనియే జీవనాధారమైన కుటుంబమునకు ఇది దెబ్బలు లేని దండనము; నా దృష్టిలో దౌర్జన్యమున కిది ఏమాత్రము తీసిపోదు.

రాజ్యాంగమునందలి 17వ అధికరణము అస్పృశ్యతను రద్దుచేసెను. 1985 జూలై 17న కారంచేడులో దళితులపై జరిగిన హత్యాకాండ దేశమును కలచివేసిన పిదప, 1989లో షెడ్యూల్డు కులములు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టము వెలువడినను, ఆ చట్టమున బహిష్కారమును ప్రత్యేకముగా పేర్కొని నేరముగా నిర్ణయించినది మాత్రము 2016 జనవరి 26న అమలులోనికి వచ్చిన సవరణయే. మరుసటి యేడే, అంబేడ్కరు విగ్రహ వివాదమున పశ్చిమ గోదావరి జిల్లా పాలకోడేరు మండలమందలి గరగపర్రులో దళితులను వెలివేసిరను ఆరోపణము రాష్ట్రమంతటను చర్చనీయమయ్యెను.

వివక్షకు గురియైనవారికి న్యాయమార్గము ఐరోపాలో వేరు. 1950 నవంబరు 4న రోములో సంతకములైన ఐరోపా మానవహక్కుల ఒడంబడిక తన 14వ అధికరణముచే వివక్షను నిషేధించెను. అచ్చటి పౌరుడు స్వదేశపు న్యాయస్థానములలో న్యాయము దొరకనప్పుడు తన ప్రభుత్వముపై స్ట్రాస్‌బర్గునందలి ఐరోపా మానవహక్కుల న్యాయస్థానము నాశ్రయింపవచ్చును. ఇచ్చటనో, వెలివేసినది ప్రభుత్వము కాదు, ఇరుగుపొరుగే. కావున ఇచ్చటి మార్గము స్వదేశపు చట్టమే: అత్యాచారాల నిరోధక చట్టము క్రింది ఫిర్యాదును డి.ఎస్.పి. హోదాకు తక్కువకాని అధికారి దర్యాప్తు చేయవలెను. విచారణ ప్రత్యేక న్యాయస్థానమున జరుగును.