ఏడాది, రెండేళ్లు తిరిగిన హ్యాచ్‌బ్యాక్ కొనుగోలు: ఇంజిన్‌ను నమ్మవచ్చో లేదో తేల్చుకునేదెలా?

మొదటిసారి కారు కొనే కుటుంబాలకు ఏడాది, రెండేళ్లు మాత్రమే తిరిగిన హ్యాచ్‌బ్యాక్ ఆకర్షణీయంగా కనిపించడం సహజం. తొలి సంవత్సరంలో పడిపోయే విలువ తాలూకు నష్టాన్ని మొదటి యజమానే భరించి ఉంటాడు. కారు అదే రాష్ట్రానిదైతే జీవితకాల పన్ను చెల్లింపు పూర్తయి ఉంటుంది. కంపెనీ వారంటీ కూడా కొంత మిగిలి ఉంటుంది. అయితే వయసు తక్కువన్న కారణంతో ఇంజిన్ బాగుందని భావించలేము. ఇంత త్వరగా ఈ కారును ఎందుకు అమ్ముతున్నారన్న ప్రశ్నకు అమ్మకందారు మాటల్లోనే కాక కాగితాల్లోనూ సమాధానం దొరికేవరకు అడ్వాన్సు ఇవ్వకపోవడం మేలు. ఉద్యోగ బదిలీ, విదేశీ ప్రయాణం, కుటుంబం పెరిగి పెద్ద కారు అవసరం కావడం వంటివి సరైన కారణాలే. పదేపదే సర్వీసు సెంటరుకు వెళ్లి విసిగిపోయిన యజమాని కూడా ఇవే కారణాలు చెబుతాడన్నది మరువరాదు.

తయారీ లోపాలు కొత్త కార్లలోనే బయటపడిన సందర్భాలు ఉన్నాయి. ఫ్యూయల్ పంపులో లోపం ఉండే అవకాశం ఉందంటూ మారుతీ సుజుకీ 2020 జూలైలో 1,34,885 కార్లను తనిఖీకి వెనక్కి పిలిచింది. వాటిలో 1 లీటరు ఇంజిన్ గల వ్యాగన్‌ఆర్‌లు 56,663, పెట్రోల్ బలెనోలు 78,222. ఆ వ్యాగన్‌ఆర్‌లు 2018 నవంబరు 15, 2019 అక్టోబరు 15 మధ్య తయారయ్యాయి. బలెనోలు 2019 జనవరి 8, నవంబరు 4 మధ్య తయారయ్యాయి. అంటే ప్రకటన వెలువడేనాటికి ఆ కార్ల వయసు సుమారు 8 నుంచి 20 నెలలు మాత్రమే. ఆ తరువాత 2024 మార్చిలో అదే సంస్థ మరోసారి ప్రకటన చేసింది. 2019 జూలై 30, నవంబరు 1 మధ్య తయారైన 11,851 బలెనోలు, 4,190 వ్యాగన్‌ఆర్‌లలో ఫ్యూయల్ పంపు మోటారుకు చెందిన ఒక భాగంలో లోపం ఉండవచ్చని తెలిపింది. దీనివల్ల అరుదుగా ఇంజిన్ ఆగిపోవడం, స్టార్ట్ కాకపోవడం జరగవచ్చని పేర్కొంది.

వెనక్కి పిలిచిన కారు చెడ్డ కారని దీని అర్థం కాదు. లోపాన్ని బహిరంగంగా ప్రకటించి ఉచితంగా సరిచేసే సంస్థ, మౌనం వహించే సంస్థ కంటే నయం. ఆ మరమ్మతు జరిగిందా, లేదా అన్నదే ఇక్కడ అసలు విషయం. 17 అక్షరాలు, అంకెలతో ఉండే ఛాసిస్ నంబరును తయారీ సంస్థ వెబ్‌సైట్‌లో నమోదు చేసిగానీ, అధీకృత సర్వీసు సెంటరులో అడిగిగానీ ఈ సంగతి తెలుసుకోవచ్చు. దీనికి ఖర్చు ఉండదు. లోపభూయిష్టమైన వాహనాలను వెనక్కి పిలవాలని తయారీదారును ఆదేశించే అధికారం 2019 నాటి మోటారు వాహనాల సవరణ చట్టం ద్వారా కేంద్ర ప్రభుత్వానికి లభించింది.

వారంటీ విషయంలో తేదీ కీలకం. మారుతీ సుజుకీ 2024 జూలైలో తన ప్రామాణిక వారంటీని 2 సంవత్సరాలు లేదా 40,000 కిలోమీటర్ల నుంచి 3 సంవత్సరాలు లేదా 1,00,000 కిలోమీటర్లకు పెంచింది. అందువల్ల ఒక నెల తేడాతో షోరూం నుంచి బయటికి వచ్చిన రెండు కార్లకు రక్షణ ఒకేలా ఉండకపోవచ్చు. సర్వీసు గడువులు దాటినా, బయటి దుకాణంలో సీఎన్‌జీ కిట్ అమర్చినా ఇంజిన్ వారంటీని కంపెనీ నిరాకరించే ప్రమాదం ఉంది. అమ్మకందారు చూపే పుస్తకంలోని ముద్రలతో సరిపెట్టుకోరాదు. సర్వీసు సెంటరు కంప్యూటరులోని చరిత్రను యజమాని సమక్షంలో తీయించి చూడాలి. ప్రతి సర్వీసు నాటి కిలోమీటర్లు అందులో నమోదై ఉంటాయి కనుక, ఓడోమీటరును వెనక్కి తిప్పి ఉంటే అదీ బయటపడుతుంది.

చల్లటి ఇంజిన్ చెప్పే నిజాలు

కారును ఉదయం వేళ, యజమాని ఇంటి వద్దే, ఇంజిన్ పూర్తిగా చల్లబడి ఉన్నప్పుడు చూడాలి. వెళ్లగానే బానెట్‌పై చేయి వేసి చూడటం మంచి అలవాటు. అది వేడిగా ఉంటే ముందే స్టార్ట్ చేసి ఉంచారని అర్థం. చల్లటి ఇంజిన్ దాచలేని లోపాలను వేడెక్కిన ఇంజిన్ దాచగలదు. మొదటి క్షణాల్లో గొలుసు కొట్టుకున్నట్టు వినిపించే శబ్దం ఆగకుండా కొనసాగితే టైమింగ్ చైన్‌ను అనుమానించాలి. సైలెన్సర్ నుంచి నీలిరంగు పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ కాలిపోతోందని, దట్టమైన తెల్లటి పొగ ఆగకుండా వస్తే కూలెంట్ లోపలికి చేరుతోందని భావించవచ్చు. చలికాలపు ఉదయం కాసేపు కనిపించి మాయమయ్యే పలుచని ఆవిరి మాత్రం సహజమే. అలాగే నేటి చిన్న కార్లలో పలు మోడళ్లకు 3 సిలిండర్ల ఇంజినే ఉంటుంది. నిలిపి ఉంచినప్పుడు అది 4 సిలిండర్ల ఇంజిన్ కంటే కొంత ఎక్కువగా కంపించడం దాని స్వభావమే కాని లోపం కాదు.

ఆయిల్ పోసే మూత తీసి దాని అడుగుభాగాన్ని చూడాలి. అక్కడ పాలు కలిపిన కాఫీ రంగులో నురగ పేరుకొని ఉంటే ఆయిల్‌లో నీరు కలిసినట్టే. అది చిన్న చిన్న ప్రయాణాల వల్ల చేరిన తేమ కావచ్చు, కూలెంట్ కారడమూ కావచ్చు. రెంటిలో ఏదో మెకానిక్ తేల్చాలి. రేడియేటర్ మూతను మాత్రం వేడి ఇంజిన్‌పై ఎన్నడూ తీయరాదు. ఆయిల్ కొలిచే కడ్డీపై మట్టం కనిష్ఠ గీతకు దిగువన ఉంటే, కిందటి సర్వీసు ఎప్పుడు జరిగిందో, తరువాత ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో లెక్క చూడాలి. టర్బో పెట్రోల్ ఇంజిన్లలో ఈ లెక్క మరింత ముఖ్యం. టర్బో బేరింగ్‌లకు ఆయిలే ప్రాణం. మార్చవలసిన సమయానికి మార్చని ఆయిల్ చేసే నష్టం ఆ ఏడాది కనిపించకపోవచ్చు, రెండో యజమానికి కనిపిస్తుంది.

ఓబీడీ స్కానర్ ఉన్న మెకానిక్‌ను వెంట తీసుకువెళ్లడం వృథా ఖర్చు కాదు. హెచ్చరిక దీపం వెలగనంత మాత్రాన లోపం లేదనుకోరాదు. అమ్మకానికి ముందు లోపాల కోడ్‌లను చెరిపివేయడం తేలిక. అయితే అలా చెరిపినప్పుడు కంప్యూటరు చేసుకునే స్వీయ పరీక్షలు కూడా మొదటికి వస్తాయి. ఆ పరీక్షలు ఇంకా పూర్తి కాలేదని స్కానర్ చూపితే, ఇటీవల కోడ్‌లు చెరిపారో బ్యాటరీ తీశారో అడిగి తెలుసుకోవాలి.

తక్కువ కిలోమీటర్లు తిరిగిన కారును మన మార్కెట్ అవసరానికి మించి మెచ్చుకుంటుంది. ఏడాదికి 3,000 కిలోమీటర్లు మాత్రమే, అదీ ఇంటి నుంచి బజారుకు తిరిగిన ఇంజిన్ సరిగ్గా వేడెక్కే అవకాశమే ఉండదు. తేమ, కాలని పెట్రోల్ ఆయిల్‌లో చేరుతూ ఉంటాయి. కిలోమీటర్లు పూర్తికాలేదన్న సాకుతో ఏడాది దాటినా ఆయిల్ మార్చని కారు కంటే, జాతీయ రహదారిపై 25,000 కిలోమీటర్లు తిరిగి వేళకు సర్వీసు చేయించుకున్న కారే నమ్మదగినది.

వరద నీటిలో మునిగిన కార్లది మరో కథ. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను సమయంలో చెన్నై, 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలో విజయవాడ జలమయమైనప్పుడు వీధుల్లో నిలిపిన వాహనాలు నీట మునిగాయి. నీరు చేరిన ఇంజిన్‌ను స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. కొద్దిగా వంగిన రాడ్‌తో కారు కొంతకాలం నడిచి తరువాత విఫలం కావచ్చు. సీటు బెల్టును చివరిదాకా లాగితే కనిపించే బురద చార, సీటు పట్టాల తుప్పు, స్టెప్నీ కింద మిగిలిన ఇసుక పాలిష్ చేసినవారి కళ్లబడని గుర్తులు. సర్వీసు చరిత్రలో బీమా క్లెయిములనూ తప్పక చూడాలి.

ధర, చట్టం

ధరను అమ్మకందారు కొన్న బిల్లుతో కాక నేటి కొత్త కారు ధరతో పోల్చాలి. 1200 సీసీ, 4 మీటర్ల పరిమితికి లోబడిన పెట్రోల్ కార్లపై 28 శాతం జీఎస్టీ, 1 శాతం సెస్సు ఉండేవి. 2025 సెప్టెంబరు 22 నుంచి వీటి స్థానంలో 18 శాతం జీఎస్టీ అమలులోకి వచ్చింది. ఉదాహరణకు పన్నుకు ముందు రూ.5,00,000 ఉన్న కారు గతంలో రూ.6,45,000 అయ్యేది, ఇప్పుడు రూ.5,90,000 అవుతుంది. పాత బిల్లు చూపి రూ.5,60,000 అడిగే యజమాని నిజానికి ఇస్తున్న తగ్గింపు, రిజిస్ట్రేషన్ ఖర్చులు మినహాయిస్తే, రూ.30,000 మాత్రమే. ఇంజిన్‌పై ఏ కొంచెం సందేహం ఉన్నా ఆ తేడా చాలదు. వ్యాపారి వద్ద కొంటే అతడి లాభంపై 18 శాతం జీఎస్టీ ఉంటుంది. వ్యక్తి తన సొంత కారును మరో వ్యక్తికి అమ్మితే ఉండదు.

వస్తు విక్రయ చట్టం, 1930లోని 16వ సెక్షన్ ప్రకారం నాణ్యతపై అంతర్లీన హామీ సాధారణ నియమం కాదు, కొన్ని మినహాయింపుల్లోనే వర్తిస్తుంది. ఆ మినహాయింపులు ప్రధానంగా ఆ వస్తువుల వ్యాపారం చేసేవారి నుంచి కొన్నప్పుడు పనికివస్తాయి. కొనుగోలుదారు స్వయంగా పరీక్షించి ఉంటే, ఆ పరీక్షలో బయటపడవలసిన లోపాలపై తరువాత ఫిర్యాదు నిలవడం కష్టం. కాబట్టి ప్రమాదాలు, మునక, ఇంజిన్ విప్పిన మరమ్మతులు లేవన్న మాటను విక్రయ పత్రంలో రాయించుకోవాలి. రాయడానికి వెనుకాడే అమ్మకందారు వద్ద బేరం అక్కడితో ఆపవచ్చు. వ్యాపారి ఇచ్చే సొంత వారంటీలో టర్బో, ఇంజెక్టర్లు, ఎలక్ట్రానిక్ భాగాలను మినహాయించారేమో చదివి చూడాలి. ఇటువంటి వ్యాపారిపై ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. యాజమాన్య బదిలీకి 29, 30 ఫారాలు, రుణం తీరిన కారైతే బ్యాంకు సంతకంతో 35వ ఫారం అవసరం. బీమా పాలసీని 14 రోజుల్లోగా కొత్త యజమాని పేరుకు మార్పించుకోవాలి. పాత యజమానికి దక్కిన నో క్లెయిమ్ బోనస్ మాత్రం కారుతో పాటు రాదు.