గడ్డిని చెట్టు అన్న చట్టం: వెదురు, పేపర్ మిల్లు, రైతు

పోయిన వారం కామెంట్స్‌లో చాలామంది ఒకటే అడిగారు: "అన్నా, రెండెకరాలుంది, వెదురు వేయమంటున్నారు, వేయొచ్చా?" వేయొచ్చా వద్దా అనేది చివర్లో చూద్దాం. దానికంటే ముందు అసలు మన రైతులు ఇన్నేళ్లూ వెదురు ఎందుకు వేయలేదు అన్న ప్రశ్న ఉంది. పొలాల్లో యూకలిప్టస్ ఉంది, సుబాబుల్ ఉంది, సరుగుడు ఉంది. వెదురు తోట ఎంతమంది చూశారు? దీనికి జవాబు హిస్టరీలో ఉంది.

వెదురు చెట్టు కాదు, గడ్డి. వరి, చెరుకు, గరిక ఏ కుటుంబమో ఇదీ అదే కుటుంబం. కానీ 1927 నాటి భారత అటవీ చట్టం తీస్తే సెక్షన్ 2లో ఒక నిర్వచనం ఉంటుంది. చెట్టు అంటే తాటి జాతి, వెదురు, నరికిన మొదళ్లు, పొదలు, పేము ఇవన్నీ వస్తాయని. అంతకు ముందు 1878 చట్టంలోనూ ఇదే ముక్క. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే పాత కోడ్‌ని కాపీ పేస్ట్ చేశారు, డేటా టైప్ ఎవరూ మార్చలేదు.

బ్రిటిష్ వాళ్లకి తెలీక అలా రాశారు అనుకుంటే పొరపాటే. మద్రాస్ ప్రెసిడెన్సీలో కూడా పనిచేసిన జేమ్స్ సైక్స్ గాంబుల్ అనే అటవీ అధికారి 1896లోనే బ్రిటిష్ ఇండియా వెదుళ్ల మీద పెద్ద పుస్తకం వేశాడు. అది గడ్డి అని వాళ్లకి మనకంటే బాగా తెలుసు. చట్టానికి కావాల్సింది బోటనీ కాదు, కంట్రోల్. చెట్టు అని రాస్తే నరకడానికి పర్మిషన్, తీసుకెళ్లడానికి పర్మిట్, దాని మీద రుసుము. అడవి పక్కన బతికేవాళ్లు ఇంటికి, కంచెకి, బుట్టకి, నిచ్చెనకి రోజూ వాడే వస్తువు ఒక్క పదంతో సర్కారు సరుకైపోయింది.

ఇప్పుడు పేపర్ సంగతి. యూరప్‌లో ఒకప్పుడు పేపర్ పాత గుడ్డపీలికలతో చేసేవాళ్లు. పీలికలు చాలక గడ్డి మీద పడ్డారు. 1875లో థామస్ రౌట్లెడ్జ్ అనే ఇంగ్లీష్ పేపర్ తయారీదారు, వెదురుతో పేపర్ చేయొచ్చని ఒక చిన్న పుస్తకం అచ్చేశాడు. ఐడియా బాగుంది, పని మాత్రం కుదర్లేదు. వెదురు కణుపులు గట్టివి, సరిగ్గా ఉడకవు. పైగా లోపల పిండి పదార్థం ఉంటుంది. ఈ చిక్కు విప్పడానికి డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో విలియం రైట్ ఏళ్ల తరబడి కూర్చున్నాడు. ఆ తర్వాత 1925లో ఏకంగా వెదురు పేపర్ పరిశ్రమ రక్షణ చట్టమే వచ్చింది. బయటి నుంచి వచ్చే పేపర్ మీద సుంకం వేసి, ఇక్కడి వెదురు పేపర్‌ని నిలబెట్టారన్నమాట.

మిల్లు యజమాని వైపు నుంచి చూడండి. ముడిసరుకు ఎవరూ నాటక్కర్లేదు, అడవిలో దానంతటదే ఉంది. అమ్మేది ఒక్కరే, సర్కారు. మన దగ్గర నిజాం కాలంలో, 1938లో సిర్పూర్ పేపర్ మిల్లు పెట్టారు. 1942కి పేపర్ రావడం మొదలైంది. కొత్తపేట అనే ఊరి పేరు పోయి కాగజ్‌నగర్ అయింది. కాగజ్ అంటే కాయితమే కదా. అక్కడ పెట్టడానికి కారణం వెతకక్కర్లేదు, చుట్టూ ఆదిలాబాద్ అడవి. అటు రాజమండ్రి మిల్లుకి పక్కనే గోదావరి, పైన ఏజెన్సీ.

ఇక్కడ కొంచెం ఆగి వెదురు ఎలా పెరుగుతుందో చూద్దాం, లేకపోతే తర్వాత కథ అర్థం కాదు. వానాకాలంలో దుంప నుంచి కొమ్ము బయటికొస్తుంది. రెండు మూడు నెలల్లో పూర్తి ఎత్తు. ఆ తర్వాత లావు ఎక్కదు, లోపల గట్టిపడుతుంది అంతే. మూడు నాలుగేళ్లకి ముదురుతుంది. ముదురువి తీసి లేతవి వదిలితే అదే పొద దశాబ్దాల పాటు ఇస్తూనే ఉంటుంది. మొత్తం నరికితే దుంప నీరసపడిపోతుంది. అంటే వెదురులో అసలు తెలివంతా ఏది కోయకూడదో తెలియడంలో ఉంది.

మిల్లుకి ఆ తెలివి ఉందా? కర్ణాటకలో దాండేలి మిల్లు కథ చూడండి. 1958లో అక్కడి ప్రభుత్వం మిల్లుకి టన్ను వెదురు రూపాయిన్నరకి ఇచ్చింది. సరిగ్గానే విన్నారు, రూపాయిన్నర. అదే వెదురుని బుట్టలల్లేవాళ్లు బజారులో ఎన్నో రెట్లు ఎక్కువకి కొనుక్కున్నారు. 1970ల్లో వాళ్లు గొడవ చేశారు, మిల్లు మా వెదురంతా తినేస్తోందని. అప్పుడు ప్రభుత్వం మాధవ్ గాడ్గిల్ అనే శాస్త్రవేత్తని చూడమంది.

ఆయనకి ఏం కనిపించిందంటే... ముళ్ల వెదురు పొద అడుగున దట్టంగా ముళ్ల కంప ఉంటుంది. అటవీ శాఖ పద్ధతి ప్రకారం ఆ కంపని శుభ్రంగా తీసేయాలి, పొదకి గాలి వెలుతురు తగలాలి అని. పేపర్ మీద పర్ఫెక్ట్ లాజిక్. ఊరివాళ్లు మాత్రం కంప తీయొద్దన్నారు. అది లేత కొమ్ములకి కంచె. అది పోతే పశువులు, ముళ్లపందులు, కొండముచ్చులు కొమ్ముని కొమ్ములాగే తినేస్తాయి. గాడ్గిల్ బృందం కొలిచి చూస్తే ఊరివాళ్ల మాటే నిజమైంది. ఆఫీసులో రాసుకున్న పద్ధతి పొదల్ని చంపుతోంది. ఈలోగా మిల్లు ఏం చేసింది? దగ్గర అడవి అయిపోతే దూరం అడవి, అదీ అయిపోతే వేరే రాష్ట్రం. రూపాయిన్నర సరుకుని ఎవరు జాగ్రత్తగా చూసుకుంటారు చెప్పండి?

మన మేదరి వాళ్ల సంగతీ దాదాపు ఇంతే. తట్టలు, చేటలు, గంపలు, తడికలు అల్లి బతికే కుటుంబాలకి అడవిలో వెదురు కళ్ల ముందే ఉంటుంది, చేతికి రాదు. డిపో చుట్టూ తిరగాలి. ఆపైన ప్లాస్టిక్ తట్ట వచ్చి మిగతా పని కానిచ్చేసింది.

1988లో జాతీయ అటవీ విధానం మారింది. ముడిసరుకు కావాలంటే రైతులతో పెంచించుకోండి అని పరిశ్రమలకి చెప్పింది. మిల్లులు పొలాల్లోకి వచ్చాయి. రైతు యూకలిప్టస్ వేశాడు, సుబాబుల్ వేశాడు. వెదురు మీదకి పెద్దగా పోలేదు. ఎలా పోతాడు? తన డబ్బుతో, తన పొలంలో పెంచినా చట్టం కంటికి అది అడవి చెట్టు. లారీ కదలాలంటే, ఇది అడవిలో కొట్టింది కాదు బాబూ అని రుజువు తానే చూపించుకోవాలి. ఇంత తలనొప్పి ఉన్న పంట ఏ రైతు ఎంచుకుంటాడు? నా దృష్టిలో వెదురు వెనకబడటానికి నేల, వాన, రకం కారణాలు కావు. ఈ పర్మిట్ కాయితమే పెద్ద కారణం.

2006లో అటవీ హక్కుల చట్టం వచ్చి వెదురు చిన్నతరహా అటవీ ఫలసాయం అంది. అంటే హక్కు ఊరిది. 1927 చట్టం చెట్టు అంటోంది, అంటే హక్కు శాఖది. ఒకే దేశంలో ఒకే మొక్కకి రెండు నిర్వచనాలు! ఈ ముడి ముందు విప్పింది మనకి పక్కనే ఉన్న గడ్చిరోలిలో మెండా లేఖా అనే గోండు ఊరు. "మా ఊళ్లో మేమే సర్కారు" అనేది వాళ్ల మాట. ఏళ్ల తరబడి అడిగి అడిగి, 2011 ఏప్రిల్ 27న కేంద్ర మంత్రి జైరాం రమేష్ చేతుల మీదుగా రవాణా పర్మిట్ల పుస్తకం గ్రామసభకి తెచ్చుకున్నారు. శాఖ చేతిలో ఉండే పుస్తకం ఊరి చేతికొచ్చింది. చిన్న పుస్తకమే, కానీ ధర మాట్లాడే హక్కు దాంతోనే వచ్చింది.

చివరికి 2017 నవంబర్‌లో ఆర్డినెన్స్, డిసెంబర్‌లో పార్లమెంటు ఆమోదం. ఆ నిర్వచనం నుంచి వెదురు అనే ఒక్క మాట కొట్టేశారు. 90 ఏళ్లకి గడ్డి మళ్లీ గడ్డి అయింది. అయితే గమనించండి, ఇది అడవి బయట పెంచే వెదురుకి మాత్రమే పనికొస్తుంది. అడవిలోది ఇప్పటికీ అటవీ ఉత్పత్తే.

2018లో జాతీయ వెదురు మిషన్‌ని కొత్తగా తీర్చిదిద్దారు. మన దేశంలో 136 రకాల వెదురుంది. అయినా అగరుబత్తి పుల్ల కోసం చైనా, వియత్నాం వైపు చూశాం. 2020లో దిగుమతి పుల్ల మీద సుంకం 10 నుంచి 25 శాతానికి పెంచాక గానీ ఇక్కడి మిషన్లకి ఊపిరి రాలేదు.

సరే, రెండెకరాల అన్నలకి. ఎకరానికి ఇన్ని లక్షలు అనే వీడియోలు నేనూ చూశాను. ముందు కొనేవాడు ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉన్నాడో చూడండి. వెదురు లోపల బోలు, లారీ నిండుతుంది గానీ బరువు తూగదు, కిరాయి మింగేస్తుంది. రెండోది పూత. వెదురు ఎన్నో దశాబ్దాలకి ఒకసారి పూస్తుంది, చాలా రకాలు పూశాక చచ్చిపోతాయి. 1959లో మిజో కొండల్లో వెదురంతా ఒకేసారి పూసింది, ఆ గింజ తిని ఎలుకలు పెరిగి పంట ఊడ్చేశాయి. ఆ కరువులోంచి పుట్టిన సంస్థే తర్వాత మిజో నేషనల్ ఫ్రంట్ అయింది, 1966లో తిరుగుబాటు చేసింది. మీ పొలానికి అంత కథ రాదులెండి. కానీ కణుపు ముక్కతోనో టిష్యూ కల్చర్‌తోనో చేసిన మొక్కకి తల్లి వయసే వస్తుంది. తల్లి పూసే కాలానికి ఇదీ పూస్తుంది, మీరు నాటి ఐదేళ్లే అయినా సరే. అందుకే నర్సరీ వాడిని రేటు అడిగే ముందు తల్లి పొద ఎక్కడిది, ఎప్పటిది అని అడగండి. అది చెప్పలేకపోతే వేరే నర్సరీకి వెళ్లండి.

సుబాబుల్ ధరల గొడవ వచ్చే ఎపిసోడ్‌లో.