పేరు, పట్టిక, గుర్తింపు: హైదరాబాదులో ఒక చట్టం చరిత్ర

పుట్టినప్పుడు ఇతరులు నిర్ణయించిన లింగంతో తమ మనసు ఎరిగిన లింగం కలవని మనుషులకు తెలుగులో ఉన్న పాత మాటలు చాలావరకు దేహంలోని లేమినే చెబుతాయి. 'నపుంసకుడు' అంటే పురుషుడు కానివాడని అర్థం. ఫార్సీలో యజమానికి, పెద్దకు చెల్లిన 'ఖ్వాజా' అనే గౌరవపదమైతే అంతఃపుర ఉద్యోగులైన ఖ్వాజాసరాల మీదుగా ఉర్దూలో 'ఖోజా'గానూ, తెలుగులో 'కొజ్జా'గానూ మారి చివరకు తిట్టుగా దిగజారింది.

మాటలోని ఈ చిన్నచూపు చట్టానికెక్కినప్పుడు ఏమవుతుందో నిజాం రాజ్యంలో 1329 ఫసలీలో, అంటే 1919 ప్రాంతంలో, వచ్చిన నపుంసకుల చట్టం చూపింది. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో చేసిన నేరస్థ జాతుల చట్టంలోని రెండో భాగాన్ని పోలిన ఈ శాసనం, తనకు పుంసత్వం లేదని ఒప్పుకున్న లేదా వైద్యపరీక్షలో అలా తేలిన మగవాడిని నపుంసకుడిగా నిర్వచించి, బాలురను ఎత్తుకుపోతారని అనుమానించినవారి పేర్లు, నివాసాలు పట్టికకెక్కించమంది. పట్టికలో పేరున్న మనిషి చీర కట్టి, నగ పెట్టి వీధిలో కనబడితే చాలు, వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు, రెండేళ్ల వరకు జైలుకు పంపవచ్చు. నేరమేదీ జరగనక్కరలేదు, కట్టూబొట్టే నేరం.

రాజ్యం పోయినా, రాష్ట్రాలు మారినా ఈ చట్టం మాత్రం పుస్తకాల్లో నిలిచే ఉంది. ట్రాన్స్‌జెండర్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి తదితరులు 2018లో వేసిన వ్యాజ్యంపై తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. అప్పటికే సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయసేవల ప్రాధికార సంస్థ) కేసులో, ఎవరి లింగ గుర్తింపును వారే చెప్పుకోవచ్చనీ, అందుకు శస్త్రచికిత్సను షరతుగా పెట్టరాదనీ తీర్పు చెప్పింది.

ఆ తీర్పు వెలుగులో చూస్తే, పత్రికల్లో తరచు కనిపించే 'లింగమార్పిడి చేయించుకున్నవారు' అన్న పదబంధం కూడా పాత వైద్యపరీక్షనే మరో రూపంలో అడుగుతున్నట్టు తోస్తుంది. 'ట్రాన్స్‌జెండర్ వ్యక్తి' అన్న మాట పరాయిదైనా ఆ పరీక్ష పెట్టదు. 'హిజ్రా' మాత్రం గురువు, చేలాల (శిష్యుల) బంధంతో, తనదైన కట్టుబాట్లతో నడిచే ఒక సమాజం పేరు కనుక ట్రాన్స్‌జెండర్ వ్యక్తులందరికీ దాన్ని అంటగట్టడం పొరపాటు. క్రియాపదం దగ్గర తెలుగుకు ఇంత చిక్కు లేదు: 'వచ్చాడు', 'వచ్చింది' అన్నచోట లింగం తేల్చక తప్పకపోయినా, 'వారు వచ్చారు' అన్నప్పుడు గౌరవమూ దక్కుతుంది, ఎదుటివారి దేహం ప్రస్తావనా రాదు.