స్టువర్టుపురం సెటిల్‌మెంటు

నేటి బాపట్ల జిల్లాలో, బాపట్ల–చీరాల రైలు మార్గం మీది గ్రామం స్టువర్టుపురం. నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల కుటుంబాలను కాపలాలో ఉంచడానికి మద్రాసు ప్రభుత్వం 1913 ప్రాంతంలో దీన్ని ఏర్పరచి, నిర్వహణను సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకు అప్పగించింది. గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ పేరే ఊరి పేరైంది.

ఎరుకలు కోస్తా ఉప్పును గాడిదల మీద లోపలి జిల్లాలకు చేరవేసి, ధాన్యంతో తిరిగివచ్చే సంచార వర్తకులు. ఉప్పుపై సర్కారు గుత్తాధిపత్యం, 1876–78 కరువు, ఆ తర్వాత రైళ్లు వారి బేరాన్ని దెబ్బతీశాయి. బేరం పోయి ఊళ్లు తిరిగే మనిషి పోలీసులకు అనుమానితుడయ్యాడు. 1871లో ఉత్తరాదిన పుట్టిన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసుకూ వచ్చింది. నేరం రుజువు కానక్కర్లేదు, ఆ తెగలో పుడితే చాలు, పేరు రిజిస్టరుకెక్కేది. ఆపైన హాజరు పలకాలి, పొలిమేర దాటాలంటే పాసు ఉండాలి. పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసే అధికారం కూడా చట్టం ఇచ్చింది.

అసలు సంగతి ఖర్చుల పద్దులో ఉంది. జైల్లో పెడితే తిండి సర్కారే పెట్టాలి. సెటిల్‌మెంటులో ఎవరి తిండి వారే సంపాదించుకోవాలి. ఇచ్చిన భూమి అందరికీ చాలలేదు. 1920ల్లో చీరాలలో ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ (జనం నోట ఐఎల్‌టిడి) వచ్చాక ఇద్దరికీ గిట్టుబాటైంది: కంపెనీకి కూలీలు దొరికారు, సెటిల్‌మెంటుకు పని దొరికింది. ఆడవాళ్లూ పొగాకు పనిలోకి వెళ్లారు. కూలి గిట్టకపోతే మరోచోటు చూసుకునే వీలు మాత్రం పాసు వల్ల లేకపోయింది. నిర్వాహకులు దీన్ని సంస్కరణ అన్నారు. చవక కూలీల సరఫరా అంటేనే సరిగ్గా ఉంటుంది.

ఇలా నిర్బంధంలో ఉన్నవారిని కూలికి పంపడం ఇక్కడే కాదు, అమెరికా దక్షిణాది రాష్ట్రాలు కూడా అంతర్యుద్ధం తర్వాత ఖైదీలను గనులకు, తోటలకు అద్దెకిచ్చాయి. అలబామాలో ఇది 1928 దాకా సాగింది. అక్కడ పేరుకైనా కోర్టు తీర్పు ఉండేది, స్టువర్టుపురంలో అదీ లేదు.

మద్రాసు ప్రభుత్వం 1947లో నేరస్థ తెగల చట్టాన్ని ఎత్తివేసింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. స్టువర్టుపురం మీద దొంగల ముద్ర మాత్రం చెరగలేదు. 1970ల నుంచి సంఘసేవకులైన లవణం, హేమలతా లవణం దంపతులు అక్కడ పునరావాసానికి కృషి చేశారు. అంతకుముందే, 1962 నాటి ఆంధ్రప్రదేశ్ అలవాటు నేరస్థుల చట్టంతో రిజిస్టరు మళ్లీ వచ్చింది, ఈసారి తెగకు బదులు వ్యక్తి పేరిట. జైళ్లలో కులాన్ని బట్టి పని పంచే నియమాలను సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3న కొట్టివేసింది. విముక్త జాతులవారిని, అంటే పాత చట్టం రద్దుతో నేరస్థ తెగల జాబితా నుంచి బయటపడ్డవారిని, అలవాటు నేరస్థులుగా చూసే జైలు నిబంధనలు కూడా ఆ తీర్పుతోనే పోయాయి.