బ్లాకు నుంచి సంఘం దాకా: వెనుకబడిన ప్రాంతాల అభివృద్ధి కథ

ఇవాళ్టికీ ఊళ్ళో మన సంఘాన్ని 'డ్వాక్రా గ్రూపు' అనే పిలుస్తారు. ఆ పేరున్న కేంద్ర పథకం మాత్రం 1999లోనే ముగిసింది. ఢిల్లీలో విధానం మారినప్పుడల్లా మన ఊరికి డబ్బు వచ్చే దారి కూడా మారుతుంది. ఆ సంగతి సభ్యులందరికీ తెలియాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలైంది. 'బ్లాకు', 'బి.డి.ఓ.', 'గ్రామసేవక్' అనే మాటలు దానితోనే ఊళ్ళకు వచ్చాయి. అదే కాలంలో పెద్ద డ్యాములు కట్టారు. నాగార్జునసాగర్‌కు 1955లో శంకుస్థాపన జరిగింది. కాలువ నీళ్ళు అందిన చోట పంటలు పెరిగాయి, మెట్ట ప్రాంతాలు వెనకబడే ఉన్నాయి.

అందుకని 1970లలో వెనుకబడిన జిల్లాలను విడిగా చూడడం మొదలుపెట్టారు. 1973-74లో వచ్చిన కరువు పీడిత ప్రాంతాల పథకంలో అనంతపురం, మహబూబ్‌నగర్ వంటి జిల్లాలు ఉన్నాయి. నేల కోత ఆపడం, చెరువులు, చెట్లు దాని పనులు.

జిల్లాకు డబ్బు వచ్చినంత మాత్రాన పేదింటికి చేరదని తర్వాత తెలిసింది. సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం, అదే ఐ.ఆర్.డి.పి., 1980 నాటికి దేశమంతా వచ్చింది. బర్రెకో, గొర్రెలకో సబ్సిడీతో బ్యాంకు అప్పు ఇచ్చేవాళ్ళు. కాగితం మీద పేరు ఎక్కువగా మగవాళ్ళదే. ఆడవాళ్ళకు మేలు అందడం లేదని 1982లో 50 జిల్లాల్లో డ్వాక్రా పెట్టారు. ఆడవాళ్ళను ఒక గ్రూపుగా సర్కారు లెక్కలోకి తీసుకుంది అప్పుడే. 1992లో నాబార్డు బ్యాంకు లింకేజీ మొదలుపెట్టాక మన పొదుపే మనకు పూచీ అయింది. 1999లో డ్వాక్రాను స్వర్ణజయంతి గ్రామ స్వరోజ్‌గార్ యోజనలో కలిపారు. 2011లో దాని చోట జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ వచ్చింది.

ఈలోగా జిల్లా మళ్ళీ ముందుకొచ్చింది. 2006-07లో వెనుకబడిన ప్రాంతాల గ్రాంటు నిధి కింద 250 జిల్లాలకు విడిగా డబ్బు ఇచ్చారు. 2015లో కేంద్రం దాన్ని ఆపేసింది. 2018లో 'ఆకాంక్షిత జిల్లాలు' వచ్చాయి. మన వైపు విశాఖపట్నం, విజయనగరం, కడప, ఖమ్మం, ఆసిఫాబాద్, భూపాలపల్లి ఆ జాబితాలో చేరాయి. ఇందులో పెద్ద నిధి విడిగా రాదు. ఉన్న పథకాలనే కలిపి నడిపి, ఆరోగ్యం, పోషణ, చదువు, సాగు, బ్యాంకు ఖాతాల అంకెలు చూసి జిల్లాలకు ర్యాంకులు ఇస్తారు.

అంటే ఇప్పుడు అంకెదే మాట. అంగన్‌వాడీలో బిడ్డ బరువు తప్పు రాస్తే, ఆ ఊళ్ళో ఆకలి ఉన్నట్టే పైకి తెలియదు. అర్హుల జాబితాలో ఒంటరి మహిళ పేరు లేకపోతే ఆమెకు ఏ పథకమూ అందదు. ఈ వివరాలు అందరికంటే ముందు తెలిసేది మనకే. కాబట్టి గ్రామసభకు వెళ్ళేముందు ప్రతి గ్రామ సంఘం తన ఊరి జాబితాను సమావేశంలో చదివించాలి. తప్పులుంటే మినిట్స్ పుస్తకంలో రాసి, సంతకాలు పెట్టి, గ్రామసభలో అడగాలి. రేపు ఈ పథకం పేరు కూడా మారుతుంది. మన పుస్తకంలో రాసుకున్నది మాత్రం కొత్త పథకం వచ్చినప్పుడు కూడా చూపించుకోవచ్చు.