మధ్యలో గుంట ఉన్న నీలం

మొన్న అటక సర్దుతుంటే 2003లో నేను రాసుకున్న సీడీ ఒకటి దొరికింది. పెట్టి చూస్తే, ఆశ్చర్యం, ఫైళ్ళన్నీ తెరుచుకున్నాయి! ఆ రోజుల్లో కొన్ని సీడీ-ఆర్‌లలో థాలోసయనిన్ అనే రంగు పూసేవారు. మన్నికకి దానికి పేరు. నాది అదో కాదో తెలీదు గానీ, ఆ పేరు పట్టుకుని చదవడం మొదలెట్టాను.

1928లో స్కాట్లండ్‌లోని గ్రేంజ్‌మౌత్ రంగుల ఫ్యాక్టరీలో ఓ పాత్ర లోపలి గాజుపూత పగిలింది. బయటపడ్డ ఇనుము సరుకుతో కలిసి ముదురు నీలం పదార్థం తయారైంది. ఇదేంటో తేల్చే పని లండన్‌లో లిన్‌స్టెడ్‌కి అప్పగించారు. 1934లో ఆయన బొమ్మ గీశాడు: ఒకేలాంటి నాలుగు ముక్కలు, వాటిని కలుపుతూ నాలుగు నైట్రోజన్లు, లోపల 16 పరమాణువుల పెద్ద వలయం, నట్టనడుమ గుంట. ఆ గుంటలో రెండు హైడ్రోజన్లైనా ఉండొచ్చు, ఒక లోహమైనా కూర్చోవచ్చు.

బొమ్మ బాగానే ఉంది. నిజంగా అలాగే ఉందని ఎలా నమ్మడం?

ఎక్స్-రే ఫిల్ము మీద చుక్కలు పడతాయి. ఏ చుక్క ఎంత గట్టిదో కొలవచ్చు, కానీ లెక్కకి కావలసిన ప్లస్సో మైనస్సో ఫిల్ము చెప్పదు. అందుకే అప్పటిదాకా ముందు ఒక ఆకారం ఊహించుకుని, అది సరిపోతుందా అని చూసేవారు. రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో రాబర్ట్‌సన్ రెండు స్ఫటికాలు తీసుకున్నాడు, ఒకటి ఖాళీది, ఒకటి నికెల్ ఉన్నది. మిగతా అమరికంతా దాదాపు ఒకటే. నికెల్ సరిగ్గా కేంద్రంలో ఉంటుంది కాబట్టి దాని వాటా ఎప్పుడూ ప్లస్సే. నికెల్ చేరాక చుక్క బలపడితే అసలుది ప్లస్సు, తగ్గితే మైనస్సు. మన భాషలో చెప్పాలంటే రెండు వెర్షన్లకి డిఫ్ కొట్టాడు, అంతే! కంప్యూటర్లు లేవు, లెక్కంతా చేత్తోనే. 1936లో అణువు బయటపడింది: బల్లపరుపుగా, చదరంగా, లిన్‌స్టెడ్ గీసినట్టే. ఆ బొమ్మని అరువు తెచ్చుకోకుండానే.

నాకు నచ్చింది పగిలిన పాత్ర కథ కాదు, ఈ డిఫ్. 1953లో పెరుట్జ్ హిమోగ్లోబిన్‌కి పాదరసం తగిలించి ఇదే ఎత్తు వేశాడు. (మన రక్తంలోని హీమ్ కూడా ఇలాంటి వలయమే, గుంటలో ఇనుము.)

మా కంచన్‌బాగ్‌లో లోహమంటే మిధాని కొలిమిలో కరిగేదే. ఊరికి అటు పక్క, తార్నాక ఐఐసీటీలో ఇదే వలయానికి రకరకాల తోకలు తగిలించి సోలార్ సెల్స్‌లో వాడి చూశారు. ఎర్ర వెలుతురుని బాగా పీలుస్తుందని, ఆ నీలం అందుకేనట.

సీడీలో ఏముందంటారా? కాలేజీ ప్రాజెక్టు, ఇళయరాజా పాటలు.