జపాన్ విశ్వవిద్యాలయ విద్యార్థులు - ఆంగ్ల భాషా అస్తిత్వం

ఇంగ్లీషును పరీక్ష కోసం చదివే జపాన్ విద్యార్థి, తాను ఆ భాష మాట్లాడే మనిషినని అనుకునే స్థితికి చేరే క్రమం అనువర్తిత భాషాశాస్త్రంలో ముఖ్యమైన చర్చనీయాంశం.

ఈ చర్చకు మూలాలు మేజీ యుగంలోనే ఉన్నాయి. జపాన్‌లో ఇంగ్లీషును స్వీకరించాలన్న దౌత్యవేత్త మోరి అరినోరి ప్రతిపాదనను కొందరు 1872 నాటిదనీ, కొందరు 1873 నాటిదనీ రాశారు. అమెరికన్ భాషావేత్త విట్నీకి ఆయన రాసిన లేఖ మొదటి ఏటిది, జపాన్ విద్యపై వెలువరించిన గ్రంథానికి పీఠిక రెండో ఏటిది. జపనీసును పూర్తిగా తొలగించమన్నాడని తరచూ చెబుతారు. లేఖను బట్టి చూస్తే, వాణిజ్యం వంటి అవసరాలకు సరళీకరించిన ఇంగ్లీషును కోరాడన్న వివరణే సమంజసంగా ఉంది. విట్నీ దాన్ని సమర్థించలేదు. ఇంగ్లీషే తన భాషగా మారిన అనుభవం అదే కాలపు త్సుదా ఉమేకోది: 1871లో ఆరేళ్ల వయసులో అమెరికా వెళ్లిన ఆమె, 1882లో తిరిగొచ్చాక మాతృభాషను మళ్లీ నేర్చుకోవలసి వచ్చింది. 1900లో టోక్యోలో ఆమె స్త్రీలకు ఆంగ్ల విద్యాలయం నెలకొల్పింది.

ఆధునిక పరిశోధన మొదట్లో గార్డ్‌నర్, లాంబర్ట్‌ల కెనడా సిద్ధాంతంపై ఆధారపడింది. పరాయి భాష మాట్లాడే సమాజంలో కలవాలన్న కోరికే నేర్చుకునేవారిని నడిపిస్తుందని దాని సారం. కెనడాలో ఫ్రెంచి వారు పొరుగువారే. జపాన్‌లో మాత్రం అలా కలవడానికి ఇరుగుపొరుగున ఇంగ్లీషు సమాజం లేదు. అందుకే పరిశోధకురాలు యషిమా తొమోకో 2002లో 297 మంది విద్యార్థులను పరిశీలించి ముందుకు తెచ్చిన 'అంతర్జాతీయ దృక్పథం' అన్న భావన ఇక్కడికి ఎక్కువ సరిపోతుంది. విదేశీ వ్యవహారాలపై ఆసక్తి, పరదేశీయులతో మెలగడానికి సంసిద్ధత అందులోని అంశాలు. భాషాభ్యాస ప్రేరణపై పరిశోధించిన డోర్నేయి 2005లో ప్రతిపాదించిన 'ఆదర్శ స్వీయ రూపం'తో (ఆ భాష మాట్లాడే మనిషిగా తాను కావాలనుకునే రూపంతో) ఆమె తర్వాత దీన్ని అనుసంధానించారు.

విదేశాల్లో పెరిగి తిరిగొచ్చిన 'కికోకు షిజో'ల అనుభవం వేరు. తోటివారిలో ప్రత్యేకంగా కనిపించకూడదని ఇంగ్లీషు ఉచ్చారణను కావాలనే కటకానా పద్ధతికి (జపనీస్ లిపిలో రాసినట్టు పలికే తీరుకు) మార్చుకునేవారున్నారని అంటారు. అలా కెనడాలో చదివిన నలుగురిని పరిశోధకురాలు కన్నో యసుకో కొన్నేళ్లపాటు అనుసరించి, 2003లో పుస్తకం ప్రచురించారు. తాము జపనీస్ భాషకు చెందినవారా, ఇంగ్లీషుకు చెందినవారా అని తేల్చుకోవలసిందేనని మొదట మథనపడినవారు, కాలక్రమాన రెండు భాషలనూ తమవిగా చేసుకున్నారు. ఈ రంగంలో ఇంత ఓపికగా సాగిన అధ్యయనాలు అరుదు.

తరగతి గదిలోని మౌనం మరో అంశం. పరిశోధకుడు జిమ్ కింగ్ జపాన్‌లోని 9 విశ్వవిద్యాలయాల్లో 48 గంటల పాఠాలను గమనించగా, విద్యార్థులు తమంతట తాముగా మాట్లాడినది పాఠ సమయంలో ఒక శాతం కన్నా తక్కువే. దీనికి జపనీయుల బిడియం కారణమన్న పాత వ్యాఖ్య చాలదు. నలుగురి ముందు తప్పు దొర్లుతుందేమోనన్న జంకు, ఉపాధ్యాయుడే మాట్లాడే పద్ధతి కూడా కారణాలే.

విశ్వవిద్యాలయాలను అంతర్జాతీయంగా తీర్చిదిద్దే 'టాప్ గ్లోబల్' పథకానికి ప్రభుత్వం 2014లో 37 విశ్వవిద్యాలయాలను ఎంపిక చేసింది. ఇలాంటి పథకాల్లో టోయిక్ అనే ఆంగ్ల పరీక్ష మార్కులు, విదేశీ విద్యార్థుల సంఖ్య వంటివి సులభంగా లెక్కకు వస్తాయి. అయితే పై అధ్యయనాలను బట్టి, ఇంగ్లీషులో తన మాట వినే మనుషులు దొరికినప్పుడే విద్యార్థిలో ఆ అస్తిత్వం బలపడుతుంది. మార్కులు దానికి కొలమానం కావు.